ముందు గాలిని చూడు, తర్వాత దీవిని

బాబూ,

నువ్వు పంపిన జాబితా చూశాను. ఫుకెట్, ఫీఫీ, మాల్దీవులు, బాలి, గిలి, జాంజిబార్, మారిషస్, సీషెల్స్. ఎనిమిది పేర్లు. వాటి కింద నువ్వు రాసింది కూడా చదివాను: "ఆగస్టు రెండో వారం, ఐదు రోజులు. వీటిలో కనీసం మూడైనా చూడాలి." ఆ చివరి మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఫోనులో చెబితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని ఉత్తరం రాస్తున్నాను. కోడలమ్మాయికి కూడా చదివి వినిపించు.

పెళ్ళయిన ఈ నాలుగేళ్ళలో మీరిద్దరూ కలిసి ఎక్కడికైనా వెళ్ళడం ఇదే మొదటిసారి. తను డ్యూటీ నుంచి వచ్చేసరికి నువ్వు బయల్దేరుతావు, నువ్వు వచ్చేసరికి తను నిద్రలో ఉంటుంది. ఇన్నాళ్ళకు దొరికిన ఐదు రోజులు పడవల మీద, క్యూలలో కరిగిపోతే నాకు బాధగా ఉంటుంది. ఎందుకంటే మాకు అలాగే అయింది.

ఆ సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. నీకు ఆరేళ్ళప్పుడు నిన్ను అమ్మమ్మ దగ్గర వదిలి మేమిద్దరం థాయ్‌లాండ్ వెళ్ళాం. ఐదు రోజుల్లో మూడు దీవులు: కో సముయి, కో ఫంగన్, కో తావ్. నెల నవంబరు. అక్టోబరుతో అక్కడ వానలు ఆగిపోతాయని, నవంబరు చాలా బాగుంటుందని టూర్ ఏర్పాటు చేసినాయన చెప్పాడు. ఆ మాట ఫుకెట్ ఉన్న పడమటి తీరానికి నిజమే. మేం వెళ్ళింది తూర్పు వైపు, సింధుశాఖలోకి. అక్కడ లెక్క తిరగబడుతుంది. ఈశాన్య గాలి సముద్రం మీదుగా వస్తూ తడిని మోసుకొచ్చి ఆ తీరం మీద కుమ్మరిస్తుంది. సముయిలో ఏడాదిలో అన్నిటికన్నా ఎక్కువ వాన పడేది నవంబరులోనే. తరగతి గదిలో ఏళ్ళ తరబడి రుతుపవనాల పాఠం చెప్పినదాన్ని, టిక్కెట్లు కొనేముందు ఒక్కసారి మ్యాపు తెరవలేదు. అది నా తప్పే.

ఆ ప్రయాణంలో మీ నాన్నకు ఉన్న కోరిక ఒక్కటే. మాస్కు పెట్టుకుని, నీళ్ళలో ముఖం ముంచి, పగడాల మధ్య చేపల్ని చూడాలని. వెళ్ళేముందే మాస్కు కొనుక్కున్నారు. తావ్‌కి వెళ్ళే పడవలో దారంతా వాంతులు. మర్నాడు అలలు ఎక్కువగా ఉన్నాయని ఎవర్నీ నీళ్ళలోకి దిగనివ్వలేదు. నాలుగో రోజు పొద్దున లేచి చూస్తే ఎండ కాసింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. కానీ తొమ్మిదింటికి తర్వాతి దీవికి పడవ, గది ఖాళీ చెయ్యాలి. మేం బ్యాగులు సర్దుకుని బయల్దేరాం. పడవ వచ్చేదాకా మీ నాన్న జెట్టీ అంచున నిలబడి కిందికి చూస్తూ ఉండిపోయారు. అక్కడి నుంచే చేపలు కనిపిస్తున్నాయి. మాస్కు బ్యాగు అడుగున ఉంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే చెబుతున్నాను, దీవి పేరు కన్నా ముందు నెల చూడు, ఆ నెలలో గాలి ఎటు నుంచి వీస్తుందో చూడు. ఉష్ణమండలమంటే ఏడాది పొడుగునా ఒకేలా ఉంటుందని చాలామంది అనుకుంటారు. వేడి ఒకేలా ఉంటుందేమో గానీ సముద్రం ఉండదు. శ్రీలంకనే తీసుకో. పడమర, దక్షిణ తీరాలకు డిసెంబరు నుంచి మార్చి దాకా మంచి కాలం. తూర్పున ట్రింకోమలీ వైపు మే నుంచి సెప్టెంబరు దాకా బాగుంటుంది. దేశం ఒకటే, రెండు తీరాలకు రెండు క్యాలెండర్లు. హవాయిలో పెద్ద దీవిలోనైతే గాలికి ఎదురుగా ఉన్న హీలో తడిసి ముద్దవుతుంటే, కొండలకు అవతలి వైపున్న కోనా పొడిగా ఉంటుంది.

ఇక నీ జాబితా. ఆగస్టులో ఫుకెట్, ఫీఫీ వద్దు. అది నైరుతి గాలి నేరుగా తగిలే తీరం. మే నుంచి అక్టోబరు దాకా అక్కడ సముద్రం అల్లరిగా ఉంటుంది. పైగా నువ్వు ఫోటో పంపిన ఫీఫీలోని మాయా బే ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మూసేస్తారు. పడవల లంగర్లకు, జనం తాకిడికి అక్కడి పగడాలు బాగా దెబ్బతింటే 2018లో మొత్తానికే మూసి, మళ్ళీ 2022 జనవరిలో తెరిచారు. థాయ్‌లాండే వెళ్ళాలనుకుంటే ఆగస్టులో సముయి వైపు నయం. మేం వెళ్ళిన చోటే, మేం వెళ్ళని నెలలో.

మాల్దీవుల మీద నీకు మనసుందని తెలుసు. అక్కడ దాదాపు 1,200 దీవులున్నా నువ్వు చూసేది ఒక్కటే. చాలా రిసార్ట్‌లకు ఒక్కోదానికి ఒక్కో దీవి. ఆ పద్ధతి నాకు నచ్చుతుంది, తిరుగుడు ఉండదు. అయితే ఒక సంగతి గుర్తుంచుకో. అక్కడి సీప్లేన్లు, అంటే నీళ్ళ మీద దిగే చిన్న విమానాలు, పగటిపూటే ఎగురుతాయి. మీ విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి రాజధాని మాలే దగ్గర్లోనే ఉండిపోవాలి. ఐదింటిలో ఒక రాత్రి అలా పోతుంది. స్పీడ్‌బోట్‌లో వెళ్ళగలిగే దగ్గరి అటాల్ (వలయంలా ఉండే పగడపు దీవుల గుంపు) ఎంచుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. ఆగస్టు అక్కడ నైరుతి కాలం. రోజంతా ముసురు పట్టదు గానీ ఉన్నట్టుండి గాలివాన వస్తుంది. అదే కాలంలో బా అటాల్‌లోని హనీఫారు బేలోకి మాంటా రేలనే పెద్ద చేపలు గుంపులుగా వస్తాయి, తిండి కోసం. అక్కడ ట్యాంకులు తగిలించుకుని డైవింగ్ చెయ్యనివ్వరు, మాస్కు పెట్టుకుని నీటి పైన తేలుతూ చూసే స్నార్కెలింగ్ మాత్రమే. నువ్వేమో డైవింగ్ అంటున్నావు. అమ్మాయి ఒక చోట కూర్చునే మనిషి కాదు. చెట్టూ పుట్టా చూస్తూ నడవాలంటుంది. ఇరవై నిమిషాల్లో చుట్టి రాగలిగే దీవిలో తనకు రెండో రోజుకే తోచదని నా భయం.

బాలికి ఆగస్టు పొడి కాలం, వాతావరణానికి వంక పెట్టలేం. జనం కూడా అప్పుడే ఎక్కువ. రోడ్డు మీదే గంటలు పోతాయి. గిలి దీవులు మంచివే. పెట్రోలు బండ్లు లేవు, ఎక్కువగా సైకిళ్ళు, గుర్రపు బండ్లే. కానీ బాలి నుంచి అక్కడికి వెళ్ళాలంటే ప్రవాహం బలంగా ఉండే జలసంధిలో రెండు గంటలు అటూ ఇటూగా స్పీడ్‌బోట్ ప్రయాణం. అమ్మాయికి కారు ఘాట్ రోడ్డు ఎక్కితేనే కడుపులో తిప్పుతుంది. ఈ సంగతి నీకు గుర్తుందా? జాబితా చూస్తే గుర్తున్నట్టు లేదు.

జాంజిబార్‌కి ఆగస్టు మంచి నెలే. అక్కడ గాలి కన్నా ఆటుపోట్లు ముఖ్యం. తూర్పు ఒడ్డున పాజే, జంబియానీ దగ్గర ఆటు వచ్చినప్పుడు సముద్రం చాలా దూరం వెనక్కి పోతుంది. ఉదయం నీళ్ళున్న చోట మధ్యాహ్నానికి ఇసుక, నాచు మిగులుతాయి. ఉత్తరాన నుంగ్వి, కెండ్వాల్లో ఆ తేడా తక్కువ, రోజంతా ఈదొచ్చు. ఏ దీవికి వెళ్ళినా ఆ రోజుల ఆటుపోట్ల పట్టిక ఒకసారి చూడు. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్యకు, పున్నమికి దగ్గర్లో పోటూ ఎక్కువే, ఆటూ ఎక్కువే. హోటల్ వాళ్ళు పెట్టే ఫోటో ఎప్పుడూ నిండు పోటు మీద తీసిందే.

మారిషస్ నా లెక్కలో రెండోది. ఆగస్టు వాళ్ళకు చలికాలం, తుఫాన్ల బెడద ఉండదు. ఆగ్నేయ గాలి తూర్పు తీరాన్ని కొడుతుంది కాబట్టి పడమర దిగండి. నీళ్ళు కొంచెం చల్లగా ఉంటాయి. దీవి పొడవు 65 కిలోమీటర్లే, కారులో అంతా తిరగొచ్చు. తప్పనిసరిగా పడవ ఎక్కాల్సిన పని లేదు.

మొదటిది సీషెల్స్. అందులోనూ ప్రాలిన్ దీవి. సముద్రం మధ్యలో ఉండే దీవులు మామూలుగా అగ్నిపర్వతాల నుంచో, పగడాల నుంచో పుడతాయి. ప్రాలిన్, దాని చుట్టుపక్కలవి చాలామటుకు గ్రానైట్. ఒకప్పుడు మన ఉపఖండం, మడగాస్కర్ విడిపోతున్నప్పుడు మధ్యలో మిగిలిపోయిన నేల ముక్కలు. మ్యాపులో ఆ చుక్కల్ని పిల్లలకు చూపించినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరించేది. ప్రాలిన్‌లో వాలే ద మే అనే తాటి జాతి చెట్ల అడవి ఉంది. 1983 నుంచి అది ప్రపంచ వారసత్వ స్థలం. కోకో ద మేర్ చెట్లు సహజంగా పెరిగేది ఆ దీవిలోనూ, పక్కనున్న క్యూరియూజ్‌లోనూ మాత్రమే. లోకంలోకెల్లా పెద్ద విత్తనం దానిదే. మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. కాయ పండడానికి ఆరేడేళ్ళు పడుతుంది. అమ్మాయిని ఆ నీడలో ఒక పూటంతా తిరగనివ్వు, తొందరపెట్టకు.

ఆగస్టులో అక్కడ ఆగ్నేయ గాలి బలంగానే ఉంటుంది, దాచడం లేదు. ఆ గాలికి ఎదురుగా ఉన్న ఒడ్డులకు నాచు కొట్టుకొస్తుంది. వాయవ్యం వైపున్న ఆన్స్ లాజియో ఒడ్డు మాత్రం ఆ నెలల్లో ప్రశాంతంగా ఉంటుంది. గది తీసుకునేటప్పుడు అది ఏ దిక్కున ఉందో అడుగు. ప్రధాన దీవి మాహే నుంచి ప్రాలిన్‌కి ఫెర్రీలో గంట పడుతుంది, ఆ గాలిలో అమ్మాయి తట్టుకోలేదు. చిన్న విమానమైతే 15 నిమిషాలు. లగేజీ తక్కువ పెట్టుకుని అందులో వెళ్ళండి. ప్రాలిన్ నుంచి లా డీగ్‌కి పడవలో పావుగంట. ఒక రోజు పొద్దున వెళ్ళి, సైకిళ్ళు తీసుకుని తిరిగి, సాయంత్రానికి వచ్చెయ్యండి. పడమటి తీరాన ఆన్స్ సూర్స్ దార్జాన్ దగ్గర పగడపు దిబ్బ అడ్డుండడం వల్ల నీళ్ళు లోతు లేకుండా నిలకడగా ఉంటాయి. ఈత రాని అమ్మాయికి అదే సరైన చోటు. అదే దీవిలో గ్రాండ్ ఆన్స్ చూడ్డానికి అందంగా ఉంటుంది, నీళ్ళలోకి మాత్రం దిగనివ్వకు. లోపలికి లాగేస్తుంది.

ఇప్పుడు నీ "కనీసం మూడు" సంగతి. ఐదు రోజులంటే 120 గంటలు. నిద్రకు 40 తీసెయ్. రానూపోనూ 24 అనుకో. మిగిలింది 56. దీవి మారిన ప్రతిసారీ సర్దుకోవడం, గది ఖాళీ చెయ్యడం, రేవులో కాచుకోవడం, కొత్త గది ఇచ్చేదాకా లాబీలో కూర్చోవడం, అన్నీ కలిపితే ఆరు గంటలకు తగ్గదు. మూడు దీవులంటే రెండు సార్లు మారాలి, 12 పోయినట్టే. మిగిలిన 44 గంటల్లోనూ సగం మనసు తర్వాతి పడవ మీదే ఉంటుంది. నీ డైవింగ్ ఒకటుంది. డైవ్ చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, చిన్న విమానమైనా సరే. పీడనం తగ్గితే ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలు కట్టి ప్రాణం మీదికి తెస్తుంది. అందుకని డైవింగ్ రెండో రోజో, మూడో రోజో పెట్టుకో. ఆఖరి రోజుకి వాయిదా వెయ్యకు. ఈ ఒక్క విషయంలో నా మాట కాదనకు.

బుక్ చేసేముందు ఒక పని చెయ్యండి. మీరిద్దరూ విడివిడిగా చెరో కాగితం తీసుకుని, ఈ ప్రయాణంలో మీకు తప్పకుండా కావలసింది ఒక్కటే రాయండి. దీవి పేరు కాదు, అక్కడ చెయ్యాలనుకున్న పని. "మధ్యాహ్నం దాకా నిద్ర" అయినా సరే. ఆ రెండూ ఏ దీవిలో కుదురుతాయో చూసి, వాటికి ముందు రోజులు కేటాయించి, మిగతాదంతా ఖాళీగా వదిలెయ్యండి. మీ నాన్న కోరికను మేం ప్లాన్‌లో ఎక్కడా రాసుకోలేదు. మధ్యలో ఎప్పుడో కుదురుతుందిలే అనుకున్నాం.

అమ్మాయిని అడిగితే "మీ ఇష్టం" అంటుంది. నీ ఆశకు అడ్డం రాకూడదని అలా అంటుంది. నువ్వు ఒప్పుకోవద్దు. కాగితం చేతికిచ్చి నువ్వు పక్క గదిలోకి వెళ్ళు.

తను రాసింది నాకు చెప్పక్కర్లేదు. నువ్వు చదివితే చాలు.

ఆశీస్సులతో,
అమ్మ