పన్నెండు గురువారాలు నాతో ఉన్నవాళ్ళకి

నిన్న సాయంత్రం పెట్ స్కాన్ (ఒంట్లో కేన్సర్ ఎక్కడైనా ఉందేమో చూసే స్కాన్) రిపోర్టు వచ్చింది. మెడలో గానీ ఛాతీలో గానీ కేన్సర్ ఆనవాళ్ళు లేవని డాక్టరు గారు చెప్పారు. ఇకమీదట కూడా చెకప్‌లకి వెళ్తూ ఉండాలి, అది వేరే సంగతి. రాగానే అందరికీ ఫోన్ చేద్దామని కూర్చున్నాను. ముగ్గురితో మాట్లాడేసరికి గొంతు పూడుకుపోయింది. అందుకే ఇలా రాస్తున్నాను. పేర్లు పెట్టొద్దని మా అక్క గట్టిగా చెప్పింది కాబట్టి వరసలతోనే రాస్తాను. ఎవరి గురించో వాళ్ళకి తెలుస్తుంది.

తెలియనివాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి. నాకు ముప్పై ఒకటి. అనకాపల్లి బెల్లం మార్కెట్లో గుమస్తాని. మా పాపకి మూడేళ్ళు. కిందటి వానాకాలంలో మెడకి ఎడమపక్క గోలీకాయంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. సాయంత్రమయ్యేసరికి సన్నగా జ్వరం, రాత్రిళ్ళు బనీను పిండితే నీళ్ళు కారేంత చెమట. ఒకచోట చూపిస్తే టీబీ అన్నారు. గడ్డలోంచి ముక్క తీసి చూడకుండానే మందులు మొదలుపెట్టారు. మూడు నెలలు వాడాను. గడ్డ తగ్గలేదు సరికదా పక్కన మరో రెండు లేచాయి. తొమ్మిది కిలోలు తగ్గిపోయాను. వాళ్ళ మీద ఇప్పుడు కోపం పెట్టుకుని లాభం లేదు. కానీ మీలో ఎవరికైనా మెడలోనో చంకలోనో గడ్డ ఉండి, మందులు వాడుతున్నా తగ్గకపోతే, బయాప్సీ చేయమని నోరు తెరిచి అడగండి. నా విషయంలో అలా అడిగింది నా భార్య. "ముక్క పరీక్ష చేసేదాకా ఇంకో మాత్ర వేసుకోనివ్వను" అని కూర్చుంది. నా మొదటి దండం తనకే.

బయాప్సీలో హాడ్జ్‌కిన్ లింఫోమా, అంటే లింఫు గ్రంథులకి వచ్చే ఒక రకం కేన్సర్ అని తేలింది. అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రిలో చేరాను. పదిహేను రోజులకోసారి కీమో, మొత్తం పన్నెండు. ఇది చాలామందికి పూర్తిగా నయమయ్యే రకమని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పారు. ఆ మాట ఆవిడ నావైపు కాకుండా మా నాన్నవైపు తిరిగి చెప్పారు. అప్పటికి నాన్న కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడలేక నిలబడ్డారు. అది గమనించినందుకు ఆవిడకి ఎంత ఋణపడ్డానో చెప్పలేను.

నా కీమో గురువారాల్లో ఉండేది. ఆ గురువారాలు మా బావవి. అక్క పెళ్ళయి పదేళ్ళయినా పండగలకి తప్ప మేమిద్దరం ఎక్కువ కూర్చుని మాట్లాడుకున్నది లేదు. ఆయనకి గవరపాలెంలో టైలరింగ్ షాపు. సంక్రాంతి ముందు గురువారం అంటే టైలర్‌కి ఎంత గిరాకీయో మీకు తెలుసు. ఆ రోజు కూడా షట్టర్ దించేసి వచ్చాడు. పొద్దున ఆరింటికి మా వీధి చివరింటి ఆటో తమ్ముడు గుమ్మం ముందు ఉండేవాడు, గ్యాసు డబ్బులు తప్ప రూపాయి ఎక్కువ తీసుకోలేదు. వెళ్ళగానే రక్తపరీక్ష. రక్తకణాల కౌంట్లు బాగుంటేనే మందు ఎక్కిస్తారు. ఆ రిపోర్టు వచ్చేదాకా టెన్షన్ నాకంటే బావకే ఎక్కువ.

నాలుగు మందులు. అందులో ఒకటి దానిమ్మరసంలా ఎర్రగా ఉంటుంది. మొదటిసారి అది ఎక్కాక బాత్రూమ్‌కి వెళ్తుంటే బావ సెలైన్ స్టాండు పట్టుకుని నడుస్తూ చెవిలో చెప్పాడు: "ఎర్రగా వస్తుంది, అది రక్తం కాదు, మందు రంగు. నర్సమ్మని ముందే అడిగేశాను." అడగకపోయుంటే ఆరోజు ఆ బాత్రూమ్‌లోనే పడిపోయేవాణ్ణి. ఆఖరి మందుకి వెలుతురు తగలకూడదని సీసాకి నల్లకవరు తొడుగుతారు. అది ఎక్కుతుంటే చెయ్యంతా మంట. సిస్టర్ వచ్చి చుక్కల వేగం తగ్గించేవారు, తన డ్యూటీ టైమ్ దాటినా సరే అది అయ్యేదాకా ఉండేవారు. ఆరో కీమోకి నరాలు దొరకడం కష్టమైంది. వేడినీళ్ళలో తువ్వాలు ముంచి చేతికి చుట్టి, ఒక్క పోటుతో నరం పట్టుకున్న చెయ్యి ఆవిడది. సిస్టరమ్మా, మీరు ఇది చదువుతారో లేదో, మీకు నమస్కారం.

ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ నాలుగింటిలో విన్‌బ్లాస్టిన్ అనే మందుకి మూలం మన బిళ్ళగన్నేరు మొక్క అని డాక్టరమ్మ చెప్పారు. మా ప్రహరీ పక్కన ఎవరూ నాటకుండా మొలిచి రోజూ పూసే మొక్క. ఈ మాట బయటికి పొక్కగానే ఒకరిద్దరు చుట్టాలు ప్రేమకొద్దీ ఆ ఆకులు నూరి రసం తెచ్చారు. అడిగితే డాక్టరమ్మ గట్టిగా వద్దన్నారు. ఆ ఆకు విషమని, మందుగా మారాలంటే ఫ్యాక్టరీలో వేరుచేసి శుద్ధి చేసి కొలతలో ఇవ్వాలని వివరించారు. కాబట్టి దయచేసి ఎవరూ ఇంట్లో ప్రయోగాలు చేయకండి. అమ్మ మాత్రం అప్పట్నుంచి తులసికోటకి పోసిన నీళ్ళలో ఓ చెంబు ఆ మొక్కకి కూడా పోస్తోంది.

అమ్మ గురించి రాయడం కష్టం. రెండో కీమో తర్వాత పోపు వాసన తగిలితే చాలు కడుపులోది బయటికి వచ్చేసేది. ఆవాలు చిటపటమంటే చాలు, వాసన రాకముందే వాంతి. ఒకరోజు లేచి చూస్తే వంటింట్లో స్టవ్ లేదు. అమ్మ, నా భార్య కలిసి సిలిండరుతో సహా పెరట్లోకి, బావి గట్టు పక్కకి మార్చేశారు. జనవరి చలిలో తలకి కొంగు చుట్టుకుని అమ్మ అక్కడే వండింది, ఏప్రిల్ ఎండలో గొడుగు కట్టుకుని అక్కడే వండింది. నాకు పెట్టే చారులో పోపు ఉండేది కాదు. నాకే కాదు, ఇంట్లో అందరూ ఐదు నెలలు పోపులేని చారే తిన్నారు. పోపు లేనిదే ముద్ద ఎత్తని మా నాన్న కూడా. నాన్న మాట తక్కువ మనిషి. కీమో అయిన రెండు రోజులు నా వాంతుల బకెట్ గ్లవుజులు వేసుకుని ఆయనే కడిగేవారు. వేరే ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

మూడో రోజు, నాలుగో రోజు బాగా కష్టంగా ఉండేవి. నోరు పూసి మంచినీళ్ళు కూడా మండేవి. నేను ఎవరు చెప్పినా తినడంలేదని నా భార్య పాపని ఎదురుగా కూర్చోబెట్టేది. రెండు గిన్నెలు, రెండు చెంచాలు, మెత్తగా కలిపిన పెరుగన్నం. "నాన్న తింటేనే నేను తింటా" అని పాపకి నేర్పింది. పాప చెంచా నోటి దగ్గర ఆపి నావైపు చూస్తూ ఉండేది. నేను మింగాకే తను మింగేది. ఆ పిల్లని ఆకలితో ఉంచలేక తిన్న ముద్దలే నన్ను నిలబెట్టాయి. తర్వాత పాపకి జలుబు చేస్తే కశింకోటలో మా అత్తయ్య తీసుకెళ్ళి పదిరోజులు పెట్టుకున్నారు. రోజూ రాత్రి వీడియో కాల్ చేసి, పాప నిద్రపోయేదాకా ఫోన్ పట్టుకుని కూర్చునేవారు. అత్తయ్యా, మీ చెయ్యి ఎంత నొప్పిపెట్టి ఉంటుందో నాకు తెలుసు.

ఫిబ్రవరిలో ఒక అర్ధరాత్రి జ్వరం నూట ఒకటి దాటింది. కీమోలో ఉన్నవాళ్ళకి నూటికి పైన జ్వరమొస్తే తెల్లారేదాకా ఆగకూడదని ముందే చెప్పారు. ఆటో తమ్ముడు లుంగీతోనే వచ్చేశాడు. తెల్లకణాలు బాగా పడిపోయాయి, ఐదురోజులు ఉంచారు. ఆ రాత్రి ఆగి ఉంటే ఈ పోస్టు రాసేవాణ్ణి కాదేమో.

వైద్యం ఖర్చు చాలావరకు ఆరోగ్యశ్రీలో వెళ్ళింది. స్కాన్‌లకి, రాకపోకలకి మాత్రం మేమే చూసుకోవాలి. మా షావుకారు గారు పని చేయని నెలలకి సగం జీతం పంపారు. మార్కెట్లో కళాసీలు, రోజూ బెల్లం దిమ్మలు మోసి సంపాదించుకునేవాళ్ళు, తలా కొంత వేసుకుని పద్దెనిమిది వేలు తెచ్చి అమ్మ చేతిలో పెట్టారు. ఎవరు ఎంత ఇచ్చారో రాసుకోనివ్వలేదు. అన్నలూ, ఆ డబ్బుతోనే మొదటి స్కాన్ అయింది.

నూకాలమ్మ జాతరకి ఈసారి నేను వెళ్ళలేదు, జనంలోకి వెళ్ళొద్దన్నారు. పాపని బావే భుజాన ఎక్కించుకుని తిప్పి తెచ్చాడు.

బావ గురించి ఇంకొకటి ఉంది. నేను చిక్కిపోయాక చొక్కాలు కొక్కేనికి వేలాడదీసినట్టు ఉండేవి. అద్దంలో చూసుకోవడం మానేశాను. ఒక గురువారం నాకు చెప్పకుండానే నాలుగు చొక్కాలు పట్టుకెళ్ళి నా ఒంటికి సరిపోయేలా కుట్టి తెచ్చాడు. వేసుకుంటూ లోపలివైపు చూశాను. రెండు పక్కలా అంగుళంన్నర గుడ్డ అలాగే ఉంది, కత్తిరించలేదు. ఎందుకని అడిగితే, "మళ్ళీ ఒళ్ళు చేస్తావుగా, అప్పుడు విప్పాలి" అన్నాడు. అది మార్చి నెల. నా బరువు నలభై తొమ్మిది.

ఇవాళ తూచుకుంటే యాభై ఏడు. గుండీలు బిగుతుగా ఉన్నాయి. బావా, రేపు ఆ నాలుగు చొక్కాలూ తీసుకుని షాపుకి వస్తున్నాను.