రెండు ముళ్లూ కలిసి లేస్తే

మా షాపుకి కార్లు తెచ్చేవాళ్లందరికీ ఒక మాట చెప్పుకోవాలి. పోయిన వారం ఒక కస్టమర్‌కి 2,400 రూపాయలు వెనక్కి ఇచ్చాం. ఆయన అడగలేదు, తప్పు మాదే.

ఆయన రిటైరైన మాస్టారు, తుమ్మలపెంట వైపు నుంచి కావలికి వస్తుంటారు. కారు ఇరవై ఏళ్ల నాటిది. ఏ కంపెనీదో అనవసరం, కంపెనీ చేసిన తప్పేమీ లేదు. పెట్రోలు అడుగంటినా ముల్లు సగం దగ్గర ఉంటోంది, ఒక్కోసారి సరిగ్గానే చూపిస్తోంది అన్నారు. నేను మీటర్ బోర్డు వైపు కూడా చూడకుండా ట్యాంకులో పెట్రోలు మట్టం చెప్పే ఫ్లోట్ పోయిందని చెప్పి మార్చేశాను. పది రోజులకి మళ్లీ వచ్చారు. ఈసారి టెంపరేచర్ ముల్లు కూడా ఎర్రగీత దాకా పోతోందట. రేడియేటర్లో నీళ్లున్నాయి, ఫ్యాను తిరుగుతోంది, ఇంజిన్ మామూలుగానే ఉంది. సెన్సర్ మార్చాను. మూడోసారి వచ్చినప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను.

నిజానికి దారి చూపింది మా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు. "అన్నా, లైట్లేస్తే రెండు ముళ్లూ ఒకేసారి లేస్తున్నాయి" అని మొదటి రోజే అన్నాడు. నేనే వినిపించుకోలేదు.

రెండు మీటర్లు కలిసి తప్పు చెబుతుంటే రెండు సెన్సర్లూ ఒకేసారి పోయాయనుకోకూడదు. రెండిటికీ ఉమ్మడిగా ఉన్నదేదో చూడాలి. ఈ కారులో మీటర్ల వెనక వోల్టేజీని నిలకడగా ఉంచే చిన్న రెగ్యులేటర్ ఉంది. ఇంజిన్ నడిచేటప్పుడు బ్యాటరీ దగ్గర దాదాపు 14 వోల్టులు ఉంటుంది, దాన్ని తగ్గించి మీటర్లకి ఇవ్వడం దాని పని. దానికి ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్లే దారి, సరిగ్గా అందకపోతే తగ్గించాల్సినంత తగ్గించదు, రెండు ముళ్లూ పైకి పోతాయి. లైట్లు వేస్తే మీటర్ బల్బుల కరెంటు కూడా ఆ బలహీనమైన ఎర్త్ మీదుగానే పోవాలి కాబట్టి ఇంకా పైకి పోతాయి.

మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకో కొన మీటర్ బోర్డు ఎర్త్‌కి పెట్టి లైట్లు వేశాం. 0.1, 0.2 దగ్గర ఉండాల్సింది ఒక వోల్టు దాటింది. డ్యాష్‌బోర్డు కింద ఎర్త్ వైరు బిగించిన స్క్రూ చూస్తే పచ్చటి చిలుము. సముద్రం పక్కన ఊళ్ల కార్లకి ఉప్పుగాలి చేసే పని ఇదే, నాకు తెలియనిదేమీ కాదు. గరుకు కాగితంతో రుద్ది, వైరు కొనకి కొత్త లగ్ వేసి, గ్రీజు రాసి బిగించాం. ముప్పావు గంట పని. ఖర్చు చెప్పడానికి సిగ్గేస్తోంది.

ఆ రాత్రి పాత బిల్లు పుస్తకం తిరగేస్తే, గత రెండేళ్లలో ఇలాంటి కంప్లైంటుకే ఫ్లోట్ మార్చిన కార్లు ఇంకో ఐదు కనిపించాయి. అన్నీ తప్పేనని కాదు, కొన్నిటికి ఫ్లోట్ నిజంగానే అరిగిపోయింది. అయినా ఆ ఐదుగురికీ ఫోన్ చేస్తున్నాం. వచ్చి చూపించుకోండి, డబ్బులు తీసుకోం. అనవసరంగా మార్చామని తేలితే ఆ బిల్లు తిరిగి ఇస్తాం.

ఇక నుంచి మీటర్ కంప్లైంటుకి ముందు టెస్టు, తర్వాతే స్పేరు. టెస్టుకి 300 తీసుకుంటాం, పని మా దగ్గరే చేయిస్తే బిల్లులో తగ్గిస్తాం. పరీక్షకే డబ్బులా అని కొందరు అంటారు. అవసరం లేని ఫ్లోట్ 1,450 అని గుర్తు చేస్తాను.

ఒక్క జాగ్రత్త. టెంపరేచర్ ముల్లు లేస్తే "మీటరేలే" అనుకుని నడిపేయకండి. బండి పక్కకి ఆపి ఇంజిన్ కట్టేయండి. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు. చల్లారాక నీళ్లు చూసి, తక్కువుంటే నడపకుండా ఫోన్ చేయండి.

ఫ్లోట్ తీయాల్సి రావచ్చు కాబట్టి ట్యాంకు నిండా కొట్టించుకుని రాకండి.