ట్యులిప్‌లు వంగడం గురించి, ఈ వారం నుంచి మా దగ్గర మారుతున్న వాటి గురించి

ఈ మధ్య మా పూల షాపుకి వస్తున్న ఫోటోల్లో ఎక్కువ భాగం ఒకేలా ఉంటున్నాయి. ఫ్లవర్ వాజ్‌లో ట్యులిప్‌లు తలో దిక్కుకి వంగి ఉంటాయి, కింద ఒక మెసేజ్: 'నిన్ననే తెచ్చాం, అప్పుడే వాడిపోయాయి, మార్చి ఇస్తారా?' కొందరు మర్యాదగా అడుగుతారు, కొందరు కాస్త గట్టిగానే అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు ఇక్కడే వివరంగా చెప్పేస్తున్నాను. పనిలో పనిగా అమ్మకంలో చేస్తున్న మార్పులు కూడా.

ట్యులిప్ కోసిన తర్వాత కూడా పెరుగుతుంది. గులాబీ, చామంతి లాంటివి కోశాక కాడ పొడవు దాదాపు అక్కడితో ఆగిపోతుంది. ట్యులిప్ కాడ మాత్రం నీళ్లలో ఉన్నన్నాళ్లూ సాగుతూనే ఉంటుంది, ముఖ్యంగా పువ్వుకి కాస్త కిందుగా ఉండే భాగం. మీరు వాజ్‌లో పెట్టిన రోజుకీ, రేకులు రాలే రోజుకీ కొన్ని సెంటీమీటర్ల తేడా వచ్చేస్తుంది. దానికి తోడు వెలుతురు ఎటుంటే అటు తిరుగుతుంది. కిటికీ పక్కన పెట్టి చూడండి, మర్నాటికి గుత్తి మొత్తం కిటికీ వైపే వాలి ఉంటుంది. వాజ్‌ని రోజుకోసారి రెండో వైపుకి తిప్పుతూ ఉంటే కొంత సర్దుకుంటుంది గానీ, కర్రల్లా నిటారుగా నిలబడాలంటే మాత్రం ట్యులిప్‌లు కొనకండి. నాకైతే ఆ వంకరే ఇష్టం.

మరి వంగిందా, వాడిందా ఎలా తెలుస్తుంది? కాడని రెండు వేళ్లతో పట్టుకుని నొక్కి చూడండి. లోపల నీళ్లు నిండి గట్టిగా ఉండి, ఆకులు బిర్రుగా ఉంటే అది పెరుగుతోందని అర్థం, మీరు చేయాల్సిందేమీ లేదు. కాడ మెత్తబడి, ఆకులు కూడా దానితో పాటు వేలాడుతుంటే నీళ్లు పైకి ఎక్కడం లేదన్నమాట. అప్పటికీ చాలాసార్లు బాగు చేయవచ్చు. కాడల చివర 1-2 సెంటీమీటర్లు పదునైన కత్తితో కోయండి. గుత్తిని పాత న్యూస్‌పేపర్‌లో పూల తలలు కూడా కదలకుండా నిటారుగా చుట్టండి. చల్లటి నీళ్లలో రెండు గంటల పాటు, వెలుతురు తగలని చోట నిలబెట్టండి. కాగితంలో ఏ ఆకారంలో ఉన్నాయో, నీళ్లు తాగాక ఆ ఆకారంలోనే బిగుసుకుంటాయి. మా దగ్గరికి దూరం నుంచి డస్సిపోయి వచ్చిన గుత్తులకి మేం చేసేదీ ఇదే.

కోసేటప్పుడు కాడ అడుగున తెల్లటి భాగం కనిపిస్తే దాన్ని తీసేయండి, అది నీళ్లు సరిగా పీల్చదు. నీళ్లలో మునిగే ఆకులు తుంచేయండి, లేకపోతే కుళ్లి నీళ్లు పాడవుతాయి. వాజ్ నిండా నీళ్లు పోయనక్కర్లేదు, 7-8 సెంటీమీటర్లు చాలు. కాకపోతే ట్యులిప్‌లు నీళ్లు బాగా తాగుతాయి, అందుకే రోజూ ఓ చూపు వేయాలి. రెండు రోజులకోసారి నీళ్లు మార్చి, వాజ్‌ని సబ్బుతో కడగండి. నీళ్లలో రాగి నాణెం, ఆస్పిరిన్ వేయడం, కాడకి గుండుసూదితో పొడవడం... ఇవి పనిచేస్తాయా అని అడుగుతూనే ఉంటారు. వాటికన్నా శుభ్రమైన వాజే నమ్మకం.

ఇంకో ఫిర్యాదు: 'పొద్దున మొగ్గలా ఉంది, మధ్యాహ్నానికి పళ్లెంలా విచ్చుకుంది, రాత్రికి మళ్లీ మూసుకుంది.' అది వేడి, చలువల వల్ల. వెచ్చగా ఉంటే రేకు లోపలి వైపు త్వరగా పెరుగుతుంది, పువ్వు తెరుచుకుంటుంది. చల్లబడితే బయటి వైపు పెరిగి మూసుకుంటుంది. గది వేడెక్కే కొద్దీ పువ్వు ఆయుష్షు తరుగుతుంది. ఎండ పడే కిటికీ, టీవీ పక్క, స్టవ్ దగ్గర పెట్టకండి. రాత్రిళ్లు ఇంట్లో ఉన్నంతలో చల్లటి మూలకి మార్చండి. ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లు పండ్లు లేకుండా చూసుకోండి, పండే పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ గ్యాస్‌కి మొగ్గలు విచ్చుకోకుండానే మాడిపోవచ్చు.

ఇక మార్పులు. ఈ వారం నుంచి ట్యులిప్‌లు మూసుకున్న మొగ్గలుగానే ఇస్తాం, రంగు అప్పుడే తొంగిచూస్తున్నప్పుడు. చేతికి అందినప్పుడు 'ఇంత పచ్చిగా ఉన్నాయేంటి' అనిపిస్తుంది. విచ్చుకున్నవి ఇస్తే ఫోటోకి బాగుంటాయి, కానీ విచ్చుకోవడమన్న సరదా అంతా మా షాపులోనే అయిపోతుంది.

ట్యులిప్ గుత్తులతో పాటు, వాజ్ నీళ్లలో కలిపే పూల పొడి ప్యాకెట్ ఇవ్వడం మానేస్తున్నాం. అందులో ఉండే చక్కెర గులాబీ మొగ్గలకి పనికొస్తుంది, ట్యులిప్‌లకి దానివల్ల పెద్దగా ఒరిగేది లేదు.

డాఫొడిల్ పూలని ట్యులిప్‌లతో కలిపి బొకే కట్టం. డాఫొడిల్ కోసిన కాడ నుంచి ఒక జిగురు కారుతుంది, అది నీళ్లలో కలిస్తే ట్యులిప్‌లు త్వరగా పాడవుతాయి. రెండూ కలిపి కావాలనుకునేవాళ్లు డాఫొడిల్స్‌ని ఒక రోజంతా వేరే నీళ్లలో ఉంచి, కాడలు కడిగి, మళ్లీ కోయకుండా కలుపుకోండి. కోస్తే జిగురు మళ్లీ మొదలవుతుంది.

మార్చి ఇవ్వడం గురించి: మొగ్గలు అసలు విచ్చుకోకపోయినా, కాడలు విరిగి వచ్చినా ఫోటో పంపండి, మారు మాట లేకుండా మార్చి ఇస్తాం. వంగినందుకు మాత్రం మార్చలేం. బాగా చూసుకుంటే వారం, అటూ ఇటూగా నిలుస్తాయి, వేడి రోజుల్లో అంత కూడా ఉండకపోవచ్చు. రెండు వారాలు ఉండే పూలు కావాలంటే కార్నేషన్లు, చామంతులు తీసుకోండి. అమ్మకం కాస్త తగ్గినా ఇది దాచిపెట్టి ట్యులిప్‌లు అంటగట్టడం మాకు ఇష్టం లేదు.

పిల్లి గానీ కుక్క గానీ ఉన్న ఇళ్లవాళ్లు ఆర్డర్‌లో ఆ సంగతి రాయండి. ట్యులిప్ నమిలితే వాటికి వాంతులు, చొంగ కారడం లాంటివి రావచ్చు, దుంపలో ఆ విషం ఇంకా ఎక్కువ. పిల్లికి లిల్లీ అంతకన్నా చాలా ప్రమాదం, కిడ్నీలే పోతాయి. అందుకే పిల్లి ఉందని రాస్తే ఏ బొకేలోనూ లిల్లీ పెట్టం. ట్యులిప్‌లైతే అందని ఎత్తులో పెట్టుకోండి, వాజ్‌లో నీళ్లు తాగనివ్వకండి.