కాన్పుకో పన్ను పోవాల్నా?

అక్కలకు నమస్తే. నిన్న సంఘం మీటింగుల ఒకక్క నవ్వొచ్చినప్పుడల్లా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటున్నది. అడిగితే, "ముగ్గురు పిల్లలు, మూడు పళ్లు పోయినయి. కడుపుల పిల్ల సున్నం గుంజుకుంటదట గదా" అన్నది. మా అమ్మ కూడా ఇదే చెప్పేది.

కడుపుల పిల్ల తల్లి పళ్లలకెళ్లి సున్నం, అంటే కాల్షియం, తీసుకోదు. తల్లి తిండి చాలకపోతే ఎముకలకెళ్లి తీసుకుంటది. పళ్లు పాడయ్యేది వేరే కారణాలకు. నెలలు నిండుతుంటే హార్మోన్లు మారి చిగుళ్లు వాచి, తోముతుంటే రక్తమొస్తది. వాంతుల పులుపు పన్ను పైపొరను తింటది. వాంతైనంక వెంటనే బ్రష్ పెట్టకుండ్రి, నీళ్లు పుక్కిలించి ఓ అరగంట ఆగుండ్రి.

2008ల వచ్చిన అమెరికా అధ్యయనంల, పిల్లలు ఎక్కువైనకొద్దీ ఆడవాళ్లకు పళ్లు ఎక్కువ పోయినట్టు తేలింది. కానీ దానికి కారణం సున్నం కాదు. ఇక మన దగ్గర? పైసలుంటే ముందు పిల్లగాని ఫీజు, తర్వాత ఆయన మందులు, మన పన్ను ఆఖరుకు. చిన్న పుచ్చప్పుడు పోతే నింపుతరు, ఆగి ఆగి పోతే పీకుతరు. ఆ అక్కకు మూడూ పీకిందే!

కడుపుతోటి ఉన్నోళ్లు ప్రతి నెల 9 తారీకు సర్కారు దవాఖాన్ల జరిగే చెకప్‌కు పోయినప్పుడు నోరు కూడా చూడమని అడుగుండ్రి. పళ్ల వైద్యానికి నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా అనువు. నొప్పి, వాపు ఉంటే మాత్రం ఏ నెలైనా ఆగొద్దు. వరంగల్ ఎంజీఎం దవాఖానకు ఎవరన్నా వస్తనంటే చెప్పుండ్రి, సోమవారం పొద్దున కలిసి పోదాం.