వార్షిక నివేదిక: ఈ ఏడాది మన సంఘం, మన ఆఫీసరమ్మ

టెక్సాస్‌లోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి, ఫొటోలు అందరూ చూశారు, హాలు అద్దె మీద గొణుగుడూ విన్నాం, అవి అక్కడితో వదిలేస్తున్నా. ఈసారి చెప్పాల్సింది యూనివర్సిటీ పోలీసు శాఖ నుంచి మన దగ్గరికి వచ్చిన ఆఫీసరు గురించి. పేరు వేయొద్దన్నారు కాబట్టి పిల్లలు పిలిచినట్టే ఆఫీసరమ్మ అంటాను.

పోలీసులు మన సంఘంలోకి రావడమేంటని మొదట కమిటీలోనే కొందరు వద్దన్నారు. ఆ బెరుకు ఊరికే రాలేదు. మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ పేరుతో వలసల వ్యవహారాలు చూసే కేంద్ర శాఖ హోంలాండ్ సెక్యూరిటీ వాళ్ళే బూటకపు కాలేజీ నడిపి 2019లో విద్యార్థుల్ని అరెస్టు చేసినప్పుడు అందులో తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు, అది ఎవరు మర్చిపోతారు? మొదటి రోజే ఒకరు వీసాల సంగతి అడిగేశారు. "దాని మీద నేను హామీ ఇవ్వలేను, లాయర్ని అడగండి" అన్నారామె. ఆ మాటకే సగం టెన్షన్ తగ్గింది.

తర్వాత మాస్టర్స్ చదివే మన పిల్లాడొకడు నోరు విప్పాడు. సోషల్ సెక్యూరిటీ నంబరు (ఇక్కడ ప్రభుత్వమిచ్చే గుర్తింపు నంబరు) మీద కేసుందని ఫోనొస్తే భయపడి గిఫ్ట్ కార్డులు కొని, వాటి నంబర్లు చదివి చెప్పేశాడట, ఇంట్లో కూడా చెప్పకుండా రెండు వారాలు కుమిలిపోయాడు. ఏ పోలీసూ, ఏ ప్రభుత్వ ఆఫీసూ గిఫ్ట్ కార్డుల్లో డబ్బు తీసుకోదని ఆమె చెప్పి, పక్కన కూర్చుని ఫిర్యాదు రాయించారు. డబ్బు తిరిగి రాలేదు. కానీ వాడే ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళకి ఈ కథ చెబుతున్నాడు.

బాగా పనికొచ్చింది మాత్రం కారు పాఠం. మన ఊళ్ళో పోలీసు ఆపితే బండి దిగి కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరికే వెళ్తాం, అదే మర్యాద. ఇక్కడ అలా దిగితే ప్రమాదం, కార్లోనే కూర్చుని చేతులు స్టీరింగ్ మీద కనపడేలా పెట్టాలి, అడిగాకే లైసెన్స్ కోసం చెయ్యి కదపాలి. పార్కింగ్ లాట్‌లో ఒక్కొక్కరితో చేయించారు. టెక్సాస్‌లో 15 ఏళ్ళకే లెర్నర్ లైసెన్స్ ఇస్తారు కాబట్టి హైస్కూలు పిల్లల్నీ కూర్చోబెట్టాం.

ఆ పిల్లలతో శనివారాలు మొదలుపెట్టిన ముచ్చట్లే కాస్త దారి తప్పాయి. తల్లిదండ్రులు వెనక కుర్చీల్లో చేరి కాలేజీ అడ్మిషన్ల గురించి అడగడం మొదలుపెట్టగానే పిల్లలు నోరు మూసుకున్నారు. మూడో వారం నుంచి పెద్దల్ని బయటికి పంపేశాం (అలిగినవాళ్ళు క్షమించాలి), టెన్నిస్ బంతితో క్రికెట్ పెట్టాం, ఆమెకు ఎల్బీడబ్ల్యూ ఇంకా అర్థం కాలేదు గానీ పిల్లలు మాత్రం ఇంట్లో చెప్పనివి ఆమెకు చెబుతున్నారు. ఏం చెబుతున్నారో మేం అడగలేదు.

పోలీసులూ ఇరుగుపొరుగూ ఒకచోట కలిసే నేషనల్ నైట్ అవుట్ దేశమంతా ఆగస్టులో చేస్తారు, టెక్సాస్‌లో ఎండలకి అక్టోబరు మొదటి మంగళవారం. వచ్చేసారి మన టేబుల్ ఉంటుంది. సమోసాలు, చాయ్ ఎవరు తెస్తారో కార్యదర్శికి చెప్పండి, శనివారాలకి కారున్న ఇద్దరు వాలంటీర్లు కూడా కావాలి.