నొక్కు ఎవరికి చేరుతోందో ముందు చూడు

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం అందింది. టెర్మినల్లో (కమాండ్లు టైప్ చేసే ఆ కిటికీలో) మౌస్ మాట వినట్లేదనీ, కొత్తది కొనడానికి ద్వారకానగర్ బయల్దేరుతున్నాననీ రాశావు. ఆగరా బాబూ. బ్రౌజర్‌లో బుద్ధిగా పనిచేసే మౌస్ టెర్మినల్లోనే మొరాయిస్తోందంటే తప్పు దానిది కాదు.

చూడాల్సింది ఒక్కటే: నువ్వు నొక్కిన నొక్కు టెర్మినల్ తీసుకుంటోందా, లోపల నడుస్తున్న ప్రోగ్రామ్ లాక్కుంటోందా? మామూలుగా టెర్మినలే తీసుకుంటుంది. లాగితే అక్షరాలు సెలెక్ట్ అవుతాయి, లైనక్స్‌లో మధ్య బటన్ నొక్కితే అవే పేస్ట్ అవుతాయి. విమ్ (ఎడిటర్), టీమక్స్ (ఒకే టెర్మినల్‌ని ముక్కలుగా పంచేది), హెచ్‌టాప్ (నడుస్తున్న ప్రోగ్రాముల పట్టిక చూపేది) లాంటివి మాత్రం మౌస్ తమకే కావాలని టెర్మినల్‌కి ఒక కోడ్ పంపుతాయి. ఆ క్షణం నుంచీ నీ సెలెక్షన్ హుళక్కి.

అందుకని మొదట షిఫ్ట్ పట్టుకుని లాగి చూడు. ఎక్స్‌టెర్మ్, గ్నోమ్ టెర్మినల్, కిట్టీ, అలాక్రిట్టీ, ఈ టెర్మినల్ ప్రోగ్రాములన్నిట్లోనూ షిఫ్ట్ పట్టుకుంటే నొక్కు మళ్ళీ టెర్మినల్‌దే. మ్యాక్‌లో ఐటెర్మ్2 అయితే ఆప్షన్ కీ. ఇలా సెలెక్ట్ అయిందంటే ఏదీ పాడవలేదన్నమాట. కాకపోతే టీమక్స్‌లో రెండు పేన్లు (తెర ముక్కలు) పక్కపక్కన ఉంటే షిఫ్ట్‌తో లాగినప్పుడు పక్క పేన్‌లోది కూడా వచ్చేస్తుంది, ఆ గీత టెర్మినల్‌కి తెలీదు కదా మరి. ముందు ప్రిఫిక్స్ (టీమక్స్‌ని పిలిచే కీల జత, మామూలుగా కంట్రోల్-బీ) కొట్టి జెడ్ నొక్కి పేన్‌ని పెద్దది చేసుకో, తర్వాత లాగు.

షిఫ్ట్‌తో తేలకపోతే అసలు పరీక్ష ఇది. (ఆజ్ఞలన్నీ తెలుగులో రాస్తున్నా, నువ్వు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టు.) టీమక్స్ బయట, ప్రింట్‌ఎఫ్ అనే కమాండ్‌తో రెండు కోడ్‌లు పంపు: ఎస్కేప్, ఎడమ చదరపు బ్రాకెట్, ప్రశ్న గుర్తు, 1000, చివర హెచ్; అలాగే 1006తో ఇంకోటి. వెంటనే, వచ్చిన కోడ్‌ని అక్షరాలుగా చూపే క్యాట్ -వీ నడిపి తెర మీద ఎక్కడైనా నొక్కు. ^[[<0;35;12 అని వచ్చి చివర పెద్ద ఎమ్ కనిపిస్తుంది; వేలు తీయగానే అదే వరస, చివర చిన్న ఎమ్. 0 అంటే ఎడమ బటన్, 1 మధ్యది, 2 కుడిది, చక్రం పైకి తిప్పితే 64, కిందికి 65. 35 అడ్డంగా గడి, 12 వరస. ఏమీ రాలేదా, టెర్మినల్ సెట్టింగుల్లో మౌస్ రిపోర్టింగ్ ఆపేసి ఉందేమో చూడు. అంకెలు సరిగ్గా వచ్చాయా, టెర్మినల్ మంచిదే. ఇదే పరీక్ష టీమక్స్ లోపల చెయ్యి. అక్కడ అంకెలు ఆ పేన్ మూల నుంచి లెక్క, తేడాగా ఉన్నాయని కంగారుపడకు. ఒక్క నొక్కుకి పెద్ద ఎమ్, చిన్న ఎమ్ జంట రెండుసార్లు పడిందంటే మాత్రం మౌస్ లోపలి స్విచ్ పోయినట్టే. మన బీచ్ గాలికి ఇనప గేట్లే ఆగవు, ఆ చిన్న రేకు ఎంత? అప్పుడు వెళ్ళు ద్వారకానగర్‌కి.

పరీక్ష అయ్యాక కంట్రోల్-సీ కొట్టి, అవే కోడ్‌లు హెచ్ బదులు ఎల్ పెట్టి పంపాలి. మర్చిపోతే నొక్కినప్పుడల్లా ప్రాంప్ట్ (కమాండ్ కొట్టే చోటు) దగ్గర 35;12 లాంటి చెత్త పడుతుంది. ఎస్సెస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌తో లైను) మధ్యలో తెగినా ఇదే తంతు: అవతల విమ్ మౌస్ ఆన్ చేసింది, ఆపేలోపే లైను పోయింది. రీసెట్ అని కొట్టి ఎంటర్ నొక్కితే చాలు. తెర చెరిగిపోకూడదనుకుంటే మౌస్ కోడ్‌లు 1000, 1002, 1003, 1006 నాలుగింటికీ ఎల్ పంపు.

పెద్ద మానిటర్ మీద కుడి చివర నొక్కితే విమ్ పట్టించుకోదని రాశావే, అది నాకు భలే ఇష్టమైన జబ్బు. 1006 లేని పాత పద్ధతిలో గడి నంబరుకి 32 కలిపి ఒక్క బైట్‌లో పంపుతారు. బైట్‌లో పట్టేది 255, అందులో 32 తీసేస్తే 223. ఆ గడి దాటితే చెప్పడానికి అంకే లేదు. 1006 పద్ధతిలో (దీన్నే ఎస్‌జీఆర్ అంటారు) అంకెల్నే అంకెలుగా రాస్తారు కాబట్టి హద్దు లేదు. విమ్ సెట్టింగుల ఫైలు విమ్‌ఆర్‌సీలో సెట్ మౌస్=ఏ, దాని కింద సెట్ టీటీవైమౌస్=ఎస్‌జీఆర్ రాయి. టీమక్స్ లోపల విమ్ విండోల మధ్య గీత లాగితే కదలకపోవడం కూడా దీంతో పోతుంది. విమ్ నుంచి పుట్టిన నియోవిమ్‌కి ఈ రెండో వరస అక్కర్లేదు.

చక్రం తిప్పితే పాత కమాండ్లు వస్తున్నాయన్నావు. టీమక్స్‌లో మౌస్ ఆన్ చేయలేదు నువ్వు. అప్పుడు టెర్మినల్ చక్రాన్ని పై బాణం, కింద బాణం కీలుగా మార్చి పంపేస్తుంది, షెల్ (కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్) హిస్టరీ తిరుగుతుంది. దాని సెట్టింగుల ఫైలు టీమక్స్.కాన్ఫ్‌లో సెట్ -జీ మౌస్ ఆన్ పెట్టు. ఎక్కడో దొరికిన పాత ఫైల్లోంచి మోడ్-మౌస్ లాంటి వరసలు ఎత్తుకొచ్చావా, తీసెయ్, 2015లో టీమక్స్ 2.1 వచ్చినప్పుడే అవి పోయాయి, వాటిని చూస్తే ఎర్రర్ ఇస్తుంది.

క్యాట్ పరీక్షలో ఏం కనబడిందో ఉన్నదున్నట్టు రాసి పంపు. అత్తయ్యగారికి నమస్కారాలు చెప్పు.

ఉంటాను రా.