నేను పొడిచిన జెట్లు నేనే మారుస్తాను

మన షెడ్డుకి బళ్లు తెచ్చే అందరికీ నమస్కారమండి.

సంక్రాంతి వెళ్లి నెల కావస్తోంది. పండక్కి ముందు వారం, ఆ మూడు రోజులూ మన షెడ్డు ముందు బళ్లు రోడ్డు మీదదాకా నిలబడ్డాయి. హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో ఊరొచ్చిన పిల్లలు, నెలల తరబడి వసారాలో గోనెపట్టా కప్పుకుని పడున్న నాన్నగారి స్ప్లెండరో మావయ్యగారి ఆర్ఎక్స్ హండ్రెడో తోసుకొచ్చారు. అందరిదీ ఒకటే మాట: "కనుమకి జగ్గన్నతోట తీర్థానికి వెళ్లాలండి, సాయంత్రానికి చేసెయ్యండి." పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజన్లోకి పంపే కార్బరేటర్ బాగుచేసిచ్చాను, డబ్బులు తీసుకున్నాను. పిల్లలు తిరిగెళ్లిపోయాక ఆ బళ్లలో తొమ్మిది అదే జబ్బుతో వెనక్కొచ్చాయి. పెద్దవాళ్లు ఎండలో తోసుకొచ్చారు. ఆ పాపంలో ఎక్కువ వాటా నాది. ఏం జరిగిందో, ఇప్పుడేం మార్చుకున్నానో మీకు చెప్పడం నా బాధ్యత.

ముందు లంకలోంచి పాలు తెచ్చే బాబాయి గారి బండి సంగతి చెప్తాను. పాత స్ప్లెండరు. రెండు క్యాన్లు కట్టుకుని తెల్లారకుండా బయలుదేరతారు. బండి స్టార్టవుతుంది, రెండు మూడు కిలోమీటర్లు వెళ్లాక కొట్టుకుని ఆగిపోతుంది. మొదటిసారి కార్బరేటర్ విప్పి కడిగాను. మూడు రోజులు నడిచింది. రెండోసారి ఫ్లోట్ పిన్ను మార్చాను, అంటే కార్బరేటర్ అడుగున పెట్రోలు నిలిచే బౌలు నిండగానే పెట్రోలుని ఆపేది. నాలుగు రోజులు. మూడోసారి లోపలి చిన్న సామానంతా ఉండే కిట్టు మొత్తం వేశాను. మళ్లీ అంతే. నాలుగోసారి ఆయన ఏమీ అనలేదు, క్యాన్లు దింపి పక్కన కూర్చున్నారు. పాలు విరిగిపోయాయని తర్వాత తెలిసింది.

అప్పుడు కార్బరేటర్ జోలికి వెళ్లకుండా, పెట్రోలు పైపు ఊడదీసి గాజు సీసాలోకి అర లీటరు పట్టాను. కదపకుండా అరగంట ఉంచాను. అడుగున వేలెడు మందాన నీరు వేరుగా కనిపించింది, దాని కింద ఎర్రటి తుప్పు పొడి. ట్యాంకు మూత దగ్గర రబ్బరు వాషరు ఎండి పగిలిపోయి ఉంది. మూత చుట్టూ ఉండే గుంటలో నీళ్లు కిందకి పోయే చిన్న కన్నం మట్టితో పూడిపోయింది. వానాకాలమంతా ఆ గుంటలో నిలిచిన నీళ్లు చుక్కచుక్కగా ట్యాంకులోకి దిగాయన్నమాట. నేనేమో మూడుసార్లు కార్బరేటర్ కడిగి, పైనుంచి మళ్లీ అవే నీళ్లు వదిలాను. ఆయన దగ్గర మూడుసార్లు తీసుకున్న కూలీ తిరిగిచ్చేశాను. ట్యాంకు దింపి కడిగి ఎండబెట్టి, వాషరు మార్చాక బండి ఇంతవరకూ ఆగలేదు.

రెండో తప్పు ఇంకా పెద్దది. జెట్టంటే కార్బరేటర్లో పెట్రోలుని కొలిచి వదిలే చిన్న కన్నం ఉన్న ఇత్తడి ముక్క. బండి స్లోలో ఉన్నప్పుడు పనిచేసే స్లో జెట్టు కన్నం వెంట్రుకంత సన్నంగా ఉంటుంది. పెట్రోలు నెలల తరబడి బౌల్లో నిలవుంటే తేలిక భాగం ఆవిరై జిగురు మిగులుతుంది. ఆ జిగురు ముందు మూసేది ఈ కన్నాన్నే. అందుకే నిలవున్న బండి ఛోక్ వేస్తేనే స్టార్టవుతుంది, ఛోక్ తీస్తే ఆగిపోతుంది. దాన్ని నానబెట్టి, గాలి కొట్టి, ఓపిగ్గా తెరవాలి. పండగ రద్దీలో నేనూ మా కుర్రాడూ క్లచ్ వైరులోంచి ఒక పోగు లాగి పొడిచేశాం. చాలా షెడ్లలో ఇలాగే చేస్తారు, నేనూ ఇలాగే నేర్చుకున్నాను. కానీ జెట్టు ఇత్తడి, వైరు ఉక్కు. పొడిచిన ప్రతిసారీ కన్నం కాస్త గీసుకుపోయి పెద్దదవుతుంది. జెట్టు మీద నెంబరు అదే ఉంటుంది, లోపల కొలత మారిపోతుంది. బండి ఆ రోజుకి బాగానే వెళ్తుంది. తర్వాత ప్లగ్గు నల్లబడుతుంది, పొగ వస్తుంది, మైలేజీ పడిపోతుంది. మీరు బంకుని తిట్టుకుంటారు.

కాబట్టి డిసెంబరు నుంచి ఇప్పటిదాకా మన షెడ్డులో కార్బరేటర్ పని చేయించుకున్నవాళ్లలో ఎవరి బండికైనా మైలేజీ తగ్గినా, ప్లగ్గు మసి పట్టినా తీసుకురండి. జెట్టు చూసి, పాడైతే కొత్తది నా ఖర్చుతో వేస్తాను. రసీదు లేకపోయినా ఫర్వాలేదు, బండి నెంబర్లు నా పుస్తకంలో ఉన్నాయి. వైరుతో పొడవడం షెడ్డులో మానేశాం. నానబెట్టినా తెరుచుకోని జెట్టు తీసేసి కొత్తదే వేస్తాం. ఈమధ్య వచ్చిన ఒక సరుకులో జెట్లు కూడా సరిగా లేవు, నెంబరు ఒకటీ కన్నం ఒకటీ. వాటిని పక్కన పెట్టేశాను, మీ బండికి వెయ్యను.

ఇక అందరూ అడిగే ఇథనాల్ సంగతి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. మన పాత బళ్లు తయారయ్యే నాటికి ఆ లెక్క లేదు. స్ప్లెండరు 1994లో వచ్చింది, ఆర్ఎక్స్ హండ్రెడ్ 1996లోనే ఆగిపోయింది. ఆ కాలం నాటి రబ్బరు వాషర్లు, పైపులు ఇథనాల్‌కి ఉబ్బుతాయి, కొన్ని గట్టిపడి పగులుతాయి. పైగా ఇథనాల్‌కి నీళ్లంటే మహా ఇష్టం. కొంచెం తేమ అయితే తనలో కలుపుకుని ఇంజన్లోకి వెళ్లిపోతుంది, మీకు తెలియదు. నీళ్లు మరీ ఎక్కువైతే రెండూ కలిసి పెట్రోలుని విడిచి అడుగుకి దిగిపోతాయి. బాబాయి గారి సీసాలో కనిపించింది అదే. మనది చుట్టూ గోదావరి, కాలువలు, చెరువులు ఉన్న నేల. గాల్లోనే తడి. ట్యాంకు సగం ఖాళీగా వదిలేస్తే ఆ ఖాళీలో రాత్రిళ్లు చెమ్మ పడుతుంది, రేకు తుప్పు పడుతుంది. అయినా ప్రతి జబ్బునీ ఇథనాల్ మీదకి నెట్టెయ్యడం నాకు ఇష్టం లేదు. తొమ్మిది బళ్లలో దాని వల్లే ఆగాయని గట్టిగా చెప్పగలిగినవి రెండే.

ఇకనుంచి పాత బండి తెస్తే నేను మొదట కార్బరేటర్ విప్పను. మిమ్మల్ని అడుగుతాను. ఎక్కడ ఇబ్బంది పెడుతోంది, స్లోలోనా, సగం రైజింగ్‌లోనా, పూర్తిగా తిప్పినప్పుడా? ఆ జవాబులోనే సగం పని ఉంది. స్లోలో నిలబడకపోతే స్లో జెట్టు, లేదా గాలీ పెట్రోలూ కలిసే లెక్క సరిచేసే ఎయిర్ స్క్రూ. మధ్యలో కొట్టుకుంటే నీడిల్ అనే సూది, దాన్ని పట్టి ఉంచే క్లిప్పు. పూర్తి రైజింగ్‌లో గుంజకపోతే మెయిన్ జెట్టు, లేదా పైనుంచి పెట్రోలు చాలినంత రాకపోవడం. కొంత దూరం వెళ్లి ఆగిపోయి, ట్యాంకు మూత తీయగానే 'సుస్సు'మని గాలి పీల్చుకుని మళ్లీ స్టార్టయితే మూతలో గాలికన్నం మూసుకుపోయినట్టు. దానికి కార్బరేటర్ విప్పినవాడు మీ డబ్బు వృథా చేసినట్టే.

ఎయిర్ స్క్రూ మాత్రం దయచేసి ఇంటి దగ్గర తిప్పకండి. కొన్ని కార్బరేటర్లకి అది ఫిల్టరు వైపు ఉంటుంది, బిగిస్తే పెట్రోలు వాటా పెరుగుతుంది. కొన్నిటికి ఇంజను వైపు ఉంటుంది, వదిలితే పెరుగుతుంది. వీడియో చూసి తిప్పితే రెండోదానికి చెయ్యాల్సింది మొదటిదానికి చేస్తారు. మరీ గట్టిగా బిగిస్తే కొస విరిగి లోపలే ఉండిపోతుంది.

ఆర్ఎక్స్ హండ్రెడ్ ఉన్న కుర్రాళ్లకి ఒక మాట. కార్బరేటరుకీ ఇంజనుకీ మధ్య రబ్బరు జాయింటు ఉంటుంది. అది పగిలితే లోపలికి దొంగగాలి పోతుంది. బండి ఎక్కడలేని రైజింగ్‌తో అరుస్తుంది, ప్లగ్గు తెల్లగా మాడుతుంది. శబ్దం బాగుందని అలాగే తొక్కితే వేడికి పిస్టన్ పట్టేస్తుంది. ఆ రబ్బరుకయ్యే ఖర్చుకీ సిలిండరు బోరు పనికయ్యే ఖర్చుకీ పోలికే లేదు. అనుమానం వస్తే తోసుకునైనా రండి, నడుపుకుంటూ రావద్దు.

పెద్దవాళ్లకి ఇంకొకటి. బండి కింద పెట్రోలు చుక్కలు పడుతున్నా, ఇంజనాయిల్ పుల్ల తీసి చూస్తే పెట్రోలు వాసన వస్తున్నా వెంటనే కాకు, అంటే ట్యాంకు కింద ఉండే పెట్రోలు కుళాయి, కట్టెయ్యండి. ఫ్లోట్ పిన్ను కొస అరిగితే బౌలు నిండినా పెట్రోలు ఆగదు. పైపులోంచి నేల మీద పడితే మీకు కనిపిస్తుంది, ఒక్కోసారి రాత్రంతా ఇంజన్లోకే దిగి ఆయిల్‌ని పల్చన చేసేస్తుంది. ఆ ఆయిల్‌తో నడిపితే లోపలి సామానంతా అరిగిపోతుంది. ఆయిల్ మార్చకుండా కిక్కు కొట్టకండి. దగ్గర్లో పొయ్యి, బీడీ, దీపం ఏవీ ఉండకూడదు.

మళ్లీ పండగదాకా బండి ఎక్కరనుకుంటే ట్యాంకు నిండా పట్టించి కాకు కట్టెయ్యండి. తర్వాత ఇంజను దానంతటది ఆగేదాకా స్టార్టులో ఉంచండి. బౌల్లో మిగిలినది అడుగు స్క్రూ వదిలి దించేస్తే ఇంకా మంచిది, ఇంజను చల్లారాక. నెలకోసారి ఎవరైనా స్టార్ట్ చేసి నాలుగు వీధులు తిప్పితే అసలు నా అవసరమే రాదు.

కొత్త పద్ధతికి సమయం పడుతుంది. ఇకపై కార్బరేటర్ పనికి బండి ఒక రాత్రి షెడ్డులో ఉండాలి. పొద్దున్న ఇచ్చి సాయంత్రం తీసుకెళ్తానంటే ఒప్పుకోలేను, పండగైనా సరే. కూలీ 250 రూపాయలు, ఇదివరకు 200 ఉండేది. నానబెట్టే మందుకీ ట్యాంకు చూసే పనికీ ఆ యాభై పెంచాను. నెలలోపు అదే జబ్బు తిరిగొస్తే కూలీ తీసుకోను. మార్చిన ప్రతి సామానూ, పాతది, కాగితంలో చుట్టి మీ చేతికిస్తాను.

జెట్ల కోసం వచ్చేవాళ్లు ఈ నెలాఖరు వరకు మధ్యాహ్నం పూట రండి. పొద్దుట పాల బళ్లు, కొబ్బరికాయల బళ్లు ముందు చూసి పంపాలి, వాళ్లకి ఆలస్యమైతే రోజు కూలీ పోతుంది.